కడచీల నుంచి టార్క్ రెంచి దాకా



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి పంపమని కార్యదర్శి గారు ఫోను చేశారు. కోటల గురించి, రాజవంశాల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఉన్నంతకాలం చూసినవి నోట్ ఫైళ్లు, కంటింజెంట్ బిల్లులు, ఆఫీసు జీపు లాగ్ బుక్కులు మాత్రమే. అందుచేత నాకు తెలిసిన దారిలోనే వెళ్లి, బండి చక్రం ఊడిపోకుండా పట్టి ఉంచే నట్టు చరిత్ర రాస్తున్నాను.

"నట్టుకు చరిత్ర ఏమిటి?" అని మీరు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకుని 1979లో ఒక ఫైలు మీద రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాల వల్ల ఒక మనిషికి జీవితాంతం నష్టం జరిగింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు చరిత్ర.

కైక వేలు

చక్రం పుట్టి అయిదు వేల ఏళ్లు దాటింది. అది పుట్టిన నాటి నుంచి మనిషికి ఉన్న బెంగ ఒకటే. తిరిగే చక్రం ఇరుసు మీద నుంచి జారిపోకుండా ఎలా ఆపాలి? మన ఎడ్లబండికి ఇరుసు కొనలో రంధ్రం చేసి ఒక చీల దిగ్గొట్టేవారు. దానినే కడచీల అంటారు. చూడటానికి జానెడు ఇనుప ముక్క. బండి మీద పది బస్తాల ధాన్యం ఉన్నా, పెళ్లివారు ఉన్నా ఆధారం ఆ ముక్కే. బండి కట్టే ముందు కడచీలను ఒకసారి చేత్తో తట్టి చూసే అలవాటు మా తాతగారికి ఉండేది. 

దశరథుడు యుద్ధం చేస్తుండగా రథం చీల ఊడిపోతే, కైక తన చేతినే ఆ రంధ్రంలో ఉంచి రథాన్ని నిలిపిందని పురాణ కాలక్షేపాల్లో మనమందరం విన్నాం. వాల్మీకి రామాయణంలో ఈ ముచ్చట లేదు. అందులో కైక గాయపడిన భర్తను యుద్ధభూమి నుంచి తప్పించి కాపాడుతుంది. చీల ముచ్చట అధ్యాత్మ రామాయణంలో ఉంది. ఏదైనా మన జనం నోట నిలిచింది చీల కథే. రెండు వరాలకు, పద్నాలుగేళ్ల వనవాసానికి మూలం ఒక చీల ఊడటమని చెప్పుకున్నారంటే, చక్రం ఊడితే ఏమవుతుందో మనవాళ్లకు బాగా తెలుసునన్నమాట.

కడచీలకు ఒక సుగుణం ఉంది. అది ఉందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. ఎంత బిగువుగా ఉంది అన్న ప్రశ్నే రాదు. ఆ ప్రశ్న నట్టు వచ్చాకనే వచ్చింది.

మర ఒక దారికి వచ్చిన వైనం

మర అనేది పాత సంగతే. ద్రాక్షపళ్లు, ఆలివ్ కాయలు నొక్కి రసం, నూనె తీయటానికి గ్రీకులు, రోమనులు కొయ్య మరలు వాడారు. కాని ఇనుప బోల్టులు చాలాకాలం చేతితో చేసినవే. ఏ బోల్టుకు చేసిన నట్టు ఆ బోల్టుకే సరిపోయేది. రెండూ వేరైతే రెండూ పనికిరావు.

1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లీ మర కోసే లేత్‌ను కచ్చితంగా పనిచేసేలా తీర్చిదిద్దాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ దేశంలోని అనేక కార్ఖానాల బోల్టులు సేకరించి, కొలిచి, 1841లో అందరికీ ఒకే కొలత ప్రతిపాదించాడు. ఆయన మర కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో మరో కొలత పెట్టాడు. ఆయన కోణం 60 డిగ్రీలు. ఐరోపా ఖండంలో మెట్రిక్ మరలు వచ్చాయి. ఇంగ్లీషు నట్టు అమెరికా బోల్టుకు పట్టదు. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యాలు దీనివల్ల నానా అవస్థలు పడ్డాయి. చివరకు 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే రకం మరకు ఒప్పందం కుదుర్చుకున్నాయి.

ఈ గొడవ అంతా మన ఆఫీసు షెడ్డు దాకా వచ్చింది. మన దేశంలో తూనికలు కొలతలకు మెట్రిక్ పద్ధతి చట్టం 1956లో వచ్చినా, పాత బండ్లు పాత కొలతలతోనే తిరిగాయి. నేను గుమాస్తాగా చేరిన 1970ల తొలి రోజుల్లో మా షెడ్డులో మూడు రకాల పానాలు ఉండేవి. ఇంగ్లీషు బండ్లకు ఒకటి, అమెరికా నమూనా జీపులకు ఒకటి, కొత్త మెట్రిక్ నట్లకు ఒకటి. స్టాకు వెరిఫికేషనులో "పానాలు మూడు సెట్లు ఎందుకు? ఒకటి చాలదా?" అని ఆడిట్ వారు అభ్యంతరం పెట్టగా, జవాబు రాయలేక నేను తల పట్టుకున్నాను. సరిపడని పానాతో తిప్పితే నట్టు అంచులు అరిగి గుండ్రంగా తయారవుతాయని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

స్టెప్నీ అనే వీధి

ఇక కారు సంగతి. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్న తరవాత ప్రయాణం మెత్తబడింది, దాంతోపాటు పంక్చరూ వచ్చింది. తొలి రోజుల కార్లలో చాలావాటి చక్రాలు ఊడదీయటానికి వీలుగా ఉండేవి కావు. రోడ్డు మీద చక్రం బండికి ఉండగానే టైరు ఊడదీసి, ట్యూబు అతికి, మళ్లీ ఎక్కించి గాలి కొట్టుకోవాలి.

వేల్స్ దేశంలో లానెల్లీ అనే ఊరు ఉంది. అక్కడ స్టెప్నీ వీధిలో డేవిస్ అన్నదమ్ములకు దుకాణం ఉండేది. వారు 1904లో ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఉత్త రిమ్ముకు గాలి నింపిన టైరు ఎక్కించి, పంక్చరైన చక్రం పక్కన బిగింపు కొక్కేలతో పట్టించి బండి నడపటం. ఆ వీధి పేరే ఆ సరుకుకు పెట్టారు. అది దేశదేశాలకు వెళ్లింది. ఆ సరుకు పోయి వందేళ్లు కావస్తున్నా, మన మెకానిక్కులు, లారీ డ్రైవర్లు అదనపు చక్రాన్ని ఇప్పటికీ స్టెప్నీ అనే అంటున్నారు. మాల్టా దీవిలో ఆ మాట ఉంది. బ్రెజిల్‌లో అది "ఎస్తెపి" అయింది. మన తెలుగువాడు రోజూ ఒక వెల్ష్ వీధి పేరు పలుకుతున్నాడని నాకు రిటైరయ్యాకే తెలిసింది.

తరవాత మొత్తం చక్రాన్నే నట్లు విప్పి మార్చుకునే ఏర్పాటు వచ్చింది. ఎంత సౌకర్యమో అంత ప్రమాదం కూడా. అంతకుముందు చక్రాన్ని బిగించేవాడు కార్ఖానాలోని పనివాడు. ఇప్పుడు రోడ్డు పక్కన, చీకట్లో, వానలో, ఎవరి చేతికి పానా ఉంటే వారే బిగిస్తారు. కార్ఖానావాడు ఎంత కచ్చితంగా బిగించి పంపినా, మొదటి పంక్చరుతో ఆ లెక్క మన చేతికి వచ్చేస్తుంది.

1979 నాటి ఫైలు

ఇప్పుడు నా సంగతి. నేను అప్పుడు ఒక జిల్లా కార్యాలయంలో యు.డి.సి. వాహనాల సెక్షను నాది. మాకు ఒక జీపు. దాని డ్రైవరు గారు మిలిటరీలో ఇ.ఎం.ఇ. వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవారు. నాకంటే పదేళ్లు పెద్ద. అందరూ "మిలిటరీ డ్రైవరు" అనేవారు. తక్కువ మాట్లాడేవారు. లాగ్ బుక్కు ఏనాడూ కొట్టివేతలు లేకుండా రాసేవారు.

ఆ జీపుకు ఒక విశేషం ఉండేది. కుడివైపు చక్రాల నట్లు మామూలుగా కుడివైపు తిప్పితే బిగుస్తాయి. ఎడమవైపు చక్రాల నట్లు ఎడమవైపు తిప్పితే బిగుస్తాయి. అంటే ఎడమ మర. యుద్ధకాలపు విల్లీస్ జీపుల్లో ఆ పద్ధతి ఉంది. అమెరికాలో క్రైస్లర్ కార్లకు 1970ల మొదటి దాకా ఉంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు నట్టు తనంతట తాను వదులు కాకుండా ఉంటుందని అలా చేశారు.

ఒకసారి మిలిటరీ డ్రైవరు గారు పది రోజులు సెలవు పెట్టారు. బదులుగా వచ్చిన డ్రైవరుకు ఈ ఎడమ మర సంగతి తెలియదు. వెనుక ఎడమ చక్రం పంక్చరైంది. పంక్చరు షాపు కుర్రాళ్లు నట్లు విప్పబోతే రాలేదు. పానాకు పొడుగాటి ఇనుప పైపు తొడిగి, దాని మీద ఎక్కి తొక్కారు. విప్పుతున్నామనుకుని బిగించారన్నమాట. ఎవరో పెద్దవారు వచ్చి చెబితే అప్పుడు అటు తిప్పి ఊడదీశారు. ఆ షాపువాడు ఇచ్చిన బిల్లులో "నట్లు బిగిసిపోయినందున అదనపు కూలి" అని రాసి ఉంది. ఆ బిల్లు పాసు చేసింది నేనే. పైసలు సరిపోయాయా అని చూశాను. మాటలు చదవలేదు.

డ్రైవరు గారు సెలవు నుంచి వచ్చి చక్రం చూసి, మర్నాడే ఇండెంటు పెట్టారు. వెనుక ఎడమ చక్రానికి స్టడ్లు అయిదు, టార్క్ రెంచి ఒకటి. ఎందుకని అడిగితే, "స్టడ్లు సాగిపోయాయి సార్. నట్టు తిప్పుతుంటే చేతికి తెలుస్తోంది. మిలిటరీలో అయితే ముల్లు చూసి బిగిస్తాం" అన్నారు. ఇనుము సాగటం ఏమిటని నాకు నవ్వు వచ్చింది. పైగా అది సంవత్సరాంతం, బడ్జెట్టు అయిపోయింది. ఫైలు మీద ఇలా రాశాను: "చక్రము యథాస్థితిలో పనిచేయుచున్నందున స్టడ్ల మార్పు అవసరము కనపడదు. వీల్ పానా ఇదివరకే సరఫరా అయి ఉన్నందున టార్క్ రెంచి ఆవశ్యకత లేదు." పైవారు సంతకం చేశారు.

మూడు నెలల తరవాత కాలవ గట్టు రోడ్డు మీద ఆ చక్రమే ఊడిపోయింది. జీపు ఒరిగి ఒక తాడిచెట్టును కొట్టుకుని ఆగింది. చెట్టు లేకపోతే కాలవలోనే. వెనక కూర్చున్న అటెండరుకు చెయ్యి విరిగింది. డ్రైవరు గారి నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి.

నట్లు సరిగా బిగించనందువల్ల ప్రమాదం అని తేల్చి మెమో ఇచ్చారు. మెమో డ్రాఫ్టు చేసింది నేనే. ఆయన తన సంజాయిషీలో ఇండెంటు సంగతి రాశారు. దాని మీద నేను, "ఇండెంటు తిరస్కరణ అజాగ్రత్తకు సమాధానము కాజాలదు" అని నోటు పెట్టాను. ఒక వార్షిక ఇంక్రిమెంటు నిలుపుదల చేశారు, క్యుములేటివ్ ఎఫెక్టుతో సహా. దీని అర్థం బయటివారికి చెప్పాలి గాని మీకు అక్కరలేదు. ఆ నష్టం ఒక ఏడాదితో పోదు. రిటైరయ్యే దాకా ప్రతి నెల జీతంలోనూ ఉంటుంది. ఆ తరవాత పెన్షనులో ఉంటుంది. ఆ తరవాత భార్యకు వచ్చే కుటుంబ పెన్షనులోనూ ఉంటుంది.

ఉత్తర్వు అందుకున్న రోజు ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, చేతిరుమాలులోంచి తెగిన స్టడ్డు ముక్క ఒకటి తీసి పెట్టారు. "ఇది వదులై ఊడింది కాదు సార్, తెగింది. తెగిన చోట చూడండి" అని మాత్రం అని వెళ్లిపోయారు. నేను చూశాను. ఒక సగం నున్నగా ఉంది, ఇంకో సగం గరుకుగా ఉంది. అంతకుమించి నాకేమీ అర్థం కాలేదు. ఎందుకో పారేయలేకపోయాను. బదిలీ అయినప్పుడల్లా కలాలు, రబ్బరు స్టాంపులతో పాటు ఆ ముక్కా నా వెంట వచ్చింది.

ఇనుము సాగుతుంది

రిటైరైన రెండేళ్లకు, 2010లో, మా అబ్బాయి కారుకు టైర్లు మార్పించటానికి వెళ్లాం. అక్కడ ఒక కుర్రాడు పొడుగాటి పానాతో ఒక్కొక్క నట్టును బిగిస్తున్నాడు. కొంత తిప్పగానే "టిక్" మని శబ్దం. వెంటనే ఆపి, ఎదుటి నట్టుకు వెళుతున్నాడు. "ఇంకా తిప్పవేం బాబూ?" అని అడిగాను. "చాలు అంకుల్, అదే చెబుతుంది. ఎక్కువ తిప్పితే స్టడ్డు సాగిపోతుంది" అన్నాడు. ముప్పయి ఏళ్ల కిందట విన్న మాటే. ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదవటం మొదలుపెట్టాను. అందులో సారాంశం ఇది.

ఉక్కు కూడా స్ప్రింగు వంటిదే. ఎంత బలంతో లాగితే అంత సాగుతుంది, వదిలితే వెనక్కు వస్తుంది. ఈ సూత్రాన్ని రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త 1678లో ప్రకటించాడు. నట్టు బిగించటం అంటే స్టడ్డును వెంట్రుక మందమంత కూడా కాని పిసరు సాగదీయటమే. సాగిన స్టడ్డు వెనక్కు రావాలని చూస్తూ చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టి ఉంచుతుంది. బరువును మోసేది స్టడ్డు అడ్డంగా నిలబడి కాదు. ఈ అదుము వల్ల చక్రానికి, హబ్బుకు మధ్య పుట్టే రాపిడి మోస్తుంది. కాని స్ప్రింగుకు హద్దు ఉంది. ఆ హద్దు దాటి లాగితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది. అదుము పోతుంది.

తిప్పే బలానికి టార్క్ అనే పేరు 1884లో వచ్చింది. లార్డ్ కెల్విన్ అన్నగారు జేమ్స్ థామ్సన్ ఆ పేరు పెట్టాడు. మెలిపెట్టటం అనే అర్థం గల లాటిన్ మాట దానికి మూలం. దాన్ని కొలిచి బిగించే ఉపాయాన్ని 1918లో న్యూయార్కు నగర నీటి సరఫరా శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్ కనిపెట్టాడని చెబుతారు. భూమి కింద నీటి గొట్టాలు, ఆవిరి గొట్టాలు కలిపే బోల్టులను పనివారు మితిమీరి బిగించి పాడు చేస్తుండటం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. అంటే టార్క్ రెంచి పుట్టింది వదులుకు మందుగా కాదు, అతి బిగింపుకు మందుగా. పైగా కనిపెట్టింది మన వంటి ప్రభుత్వ శాఖ ఉద్యోగి. అది చదివినప్పుడు నాకు సంతోషమూ సిగ్గూ రెండూ కలిగాయి. 1930లలో అమెరికా కార్ల కార్ఖానాల్లో అది వాడుకలోకి వచ్చింది.

వదులు సంగతి కూడా చెప్పాలి. 1969లో జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ ఒక ప్రయోగం ప్రకటించాడు. బిగించిన ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జరుగుతూ ఉంటే, నట్టు తనంతట తానే వెనక్కు తిరిగిపోతుందని చూపించాడు. జరగకుండా అదిమి ఉంచినంతకాలం నట్టుకు భయం లేదు. అదుము చాలకపోతేనే జరుగుడు మొదలవుతుంది. కార్లకు ఎడమ మర మానేసింది కూడా అందుకే. సరిగ్గా బిగిస్తే ఏ మరైనా నిలుస్తుంది. అయితే పాతవాళ్ల అనుమానం పూర్తిగా తప్పు కాదు. బ్రిటన్‌లో లారీలకు రెండువైపులా కుడి మరే వచ్చాక, ఊడే చక్రాల్లో ఎడమవైపు వెనుకవే ఎక్కువని గమనించారు. లారీ నట్ల మీద బాణం గుర్తుల్లా కనిపించే పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కలు మీరు చూసే ఉంటారు. నట్టు కాస్త తిరిగినా ఆ బాణం పక్కకు పోయి కంటికి కనిపిస్తుంది. మా తాతగారు కడచీలను తట్టి చూసినట్టే ఇదీ.

చివరది నా స్టడ్డు ముక్కకు సంబంధించింది. ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీరు 1850ల నుంచి రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరిశోధించాడు. ఒక్క దెబ్బకు విరగని ఉక్కు, చిన్న బరువే వేలసార్లు పడి లేస్తుంటే విరుగుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు. మొదట సన్నని బీట పుడుతుంది. అది రోజుకింత పెరుగుతుంది. బీట పెరిగిన భాగం రెండువైపులా ఒరుసుకుని నున్నగా తయారవుతుంది. మిగిలిన భాగం ఇక మోయలేక ఒక్కసారి తెగుతుంది. అది గరుకుగా ఉంటుంది. ఒక సగం నున్నన, ఒక సగం గరుకు. ప్రమాదం జరిగిన రోజున కాదు, వారాల ముందే ఆ స్టడ్డు తెగటం మొదలైందని ఆ ముక్కే సాక్ష్యం చెబుతోంది. ముప్పయి ఆరేళ్లు కాగితాలు చదివిన నేను, బల్ల మీద పెట్టిన ఆ దస్తావేజు చదవలేకపోయాను.

కొంచెం లెక్క

మనం గుమాస్తాలం కనుక లెక్క చూద్దాం. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడుగు కర్ర చివర పది కిలోల బరువు వేలాడదీస్తే సుమారు 98 న్యూటన్ మీటర్లు. చిన్న, మధ్యరకం కార్లలో చాలావాటి నట్లకు కంపెనీవారు చెప్పేది సుమారు 85 నుంచి 120 మధ్య ఉంటుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డును 100కు బిగిస్తే, ఆ ఒక్క నట్టూ సుమారు 4 టన్నుల బలంతో చక్రాన్ని అదుముతుంది.

ఇప్పుడు అడుగు పొడుగు పానా తీసుకోండి. 100 న్యూటన్ మీటర్లకు దాని చివర 34 కిలోల బలం వేస్తే చాలు. 60 కిలోల మనిషి దాని చివర ఎక్కి నిలబడితే సుమారు 180 అవుతుంది. పైపు తొడిగి మూడడుగులు చేసి నిలబడితే సుమారు 540. కావలసిన దానికి అయిదు రెట్లు! ఆ కుర్రాళ్లు ఇద్దరూ ఎక్కారేమో నాకు తెలియదు.

ఇంకో చిత్రం ఉంది. మనం తిప్పే బలంలో సుమారు సగం నట్టు అడుగు రాపిడికి, 40 శాతం మర రాపిడికి పోతుంది. చక్రాన్ని అదమటానికి మిగిలేది 10 శాతమే. అందుచేత తేలిగ్గా తిరుగుతుందని మరకు నూనె రాస్తే, అదే టార్క్‌కు స్టడ్డు మరీ ఎక్కువ సాగిపోతుంది. తుప్పు పట్టితే, పానా బిగువుగా అనిపించినా అసలు అదుము ఉండదు. చేతికి తెలిసే బిగువు వేరు, అసలు బిగువు వేరు.

ఫైలు ముగింపు

2012 నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వటానికి సబ్ ట్రెజరీకి వెళ్లాను. వరుసలో నా ముందు నిలబడింది మిలిటరీ డ్రైవరు గారు. డెబ్బయి దాటినా నిటారుగా ఉన్నారు. నుదుటి మీద ఆ కుట్ల గుర్తు అలాగే ఉంది. ఆయనే నన్ను గుర్తుపట్టి "బాగున్నారా సార్" అన్నారు. కాఫీ హోటలుకు తీసుకువెళ్లి, హుక్ దగ్గర నుంచి యుంకర్ దాకా నేను చదివిందంతా చెప్పాను. "తప్పు మీది కాదండీ. మీరు అడిగిన అయిదు స్టడ్లు నేను ఇప్పించి ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదు" అన్నాను.

ఆయన కాఫీ తాగటం పూర్తి చేసి, "ఆ రోజే చెప్పాను గదా సార్" అన్నారు. అంతే. కోపం లేదు. కాసేపు ఆగి, "ఆ అటెండరు చెయ్యి తరవాత సరిగా అతుక్కుందా?" అని అడిగారు. నాకు తెలియదు. ముప్పయి మూడేళ్లలో నేను ఆ సంగతి కనుక్కోనే లేదు.

పాత ఉత్తర్వు తిరగదోడించటానికి అర్జీ పెట్టిద్దామన్నాను. "ఎందుకు సార్, ఆ ఫైలు చెదలు తినేసి ఉంటుంది" అన్నారు. నేను విచారిస్తే, ఆ ఫైలు గడువు తీరి ఎప్పుడో తగలబెట్టేశారు. ఆయన రెండేళ్ల కిందట కాలం చేశారు. వారి భార్యగారికి కుటుంబ పెన్షను వస్తోంది. అందులో ఆ ఇంక్రిమెంటు లేదు.

ఫైలు లేదు కనుక సవరణ నోటు రాయటానికి చోటు లేదు. అందుకే ఈ సంచికలో రాస్తున్నాను. 1979లో ఆ జీపు చక్రం ఊడటానికి కారణం డ్రైవరు అజాగ్రత్త కాదు. అతిగా బిగించటం వల్ల స్టడ్లు పాడయ్యాయి. ఆ సంగతి ఆయన ముందే రాతపూర్వకంగా తెలియజేశారు. ఆ ఇండెంటు తిరస్కరించమని రాసింది నేను.

మిత్రులకు మనవి

ఇప్పుడు మనలో చాలామంది ఇళ్లలో పిల్లల కార్లు ఉన్నాయి. కొన్ని మాటలు గుర్తుంచుకోండి. మీ కారు నట్ల టార్క్ ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చూసి ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. టైరు షాపులో గాలి మిషనుతోనే బిగించి పంపేస్తుంటే, చివరి బిగింపు టార్క్ రెంచితో చేయమని మర్యాదగా అడగండి. నట్లు వరుసగా కాక ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టు, రెండు మూడు విడతల్లో బిగించాలి. నట్టు ఏటవాలు ముఖం చక్రం వైపే ఉండాలి. చక్రం కూర్చునే చోట తుప్పు, మట్టి తుడవాలి. కంపెనీ చెప్పకపోతే మరకు నూనె, గ్రీజు రాయవద్దు. చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మరోసారి సరిచూడాలి. టార్క్ రెంచితో నట్లు విప్పకూడదు. విప్పటానికి మామూలు పానా ఉంది. వాడాక దాని స్ప్రింగు వదులు చేసి దాచాలి.

2020లో కేంద్రం నిబంధనలు సవరించి, టైరు గాలి ఒత్తిడి చూపే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉన్న ట్యూబులేని టైర్ల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. స్టెప్నీ పోయినా నట్లు పోవు. వదులైనా ముప్పే, అతిగా బిగించినా ముప్పే.

చివరిగా ఒక్క మాట. ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు చెప్పండి. పానా పట్టిన మనిషి "ఇది చేతికి తేడాగా తెలుస్తోంది" అని కాగితం పెడితే, దాని మీద "అవసరము కనపడదు" అని రాసే ముందు, షెడ్డు దాకా నడిచి వెళ్లి ఒకసారి చూడమనండి. మా షెడ్డు నా బల్లకు ముప్పయి గజాల దూరం. నేను వెళ్లలేదు.